తెడ్లవారి ఇంజను ఎత్తు

గుల్లలపాలెంలో తెలివంతా ఎక్కడుందని ఎవరైనా అడిగితే, తెడ్ల నూకాలమ్మ చేతిలో చీపురు పక్కన పడేసి, "మా ఇంట్లోనే ఉంది, కూచోండి, మంచినీళ్ళిస్తాను" అనేది.

ఆ ఇంట్లో ఉండేది ఆవిడా, ఆవిడ ముగ్గురు కొడుకులూ. పెద్దవాడు సింహాద్రి, నడిపివాడు ఎర్రయ్య, చిన్నవాడు బంగారి. ముగ్గురూ కండలు తిరిగిన మనుషులు. వల లాగితే సముద్రం కూడా కాస్త ముందుకి జరిగినట్టుండేది. "మా పిల్లలకి ఒక మాట చెబితే ఆ మాటే చేస్తారు. అక్షరం అటు పోదు, ఇటు పోదు" అని నూకాలమ్మ వీధి అరుగుల మీద చెప్పుకునేది. అందులో అబద్ధం లేదు. ఊరికొచ్చిన కష్టమంతా అదే.

మొన్న వానాకాలంలో రేడియో వాళ్ళు, చేపలు పట్టేవాళ్ళెవరూ సముద్రం మీదికి వెళ్ళొద్దని చెప్పారు. ఊరంతా వలలు సర్దేసుకుంది. సింహాద్రి మాత్రం గడ్డం పట్టుకుని బాగా ఆలోచించాడు.

"మనమెప్పుడు సముద్రం మీదికి వెళ్ళాంరా? మనం వెళ్ళేది పడవ మీదికి. సముద్రం మీదికి వెళ్ళేది పడవ. వద్దన్నది దాన్ని" అన్నాడు.

అంతే. ముగ్గురూ వెళ్ళారు. వల పోగొట్టుకుని, తడిసి ముద్దయి, పళ్ళు టకటకలాడించుకుంటూ తిరిగొచ్చారు.

"పడవకి చెప్పాం అమ్మా, వినలేదు" అన్నాడు ఎర్రయ్య.

"దానికి తెలివేదిరా, చెక్క కదా" అంది నూకాలమ్మ, వాళ్ళ తలలు తుడుస్తూ.

ఇలాంటి ఇంటికి ఒక స్పీడు బోటు వచ్చి పడింది. ఏరు సముద్రంలో కలిసేచోట ఒక పెద్ద హోటలుండేది. ఆ హోటలుకి పీతలు పంపేది నూకాలమ్మే. హోటలు మూతపడ్డాక ఆ యజమాని ఊరొదిలి వెళ్ళిపోతూ, "ఇంత మంచి పీతలు తినిపించావమ్మా, ఈ బోటు నీ పిల్లలకుంచు" అని ఇచ్చేశాడు. మామూలు పడవ కాదది. ముందు భాగం కొడవలి మొనలా ఉంటుంది, ఒళ్ళంతా ఎరుపు, పక్కన పళ్ళు బయటపెట్టిన గుర్రం బొమ్మ. దాని ఇంజను వేరే ఉంటుంది. బోటు వెనక చెక్కకి తగిలించుకోవాలి. ఆ ఇంజను మోసుకొచ్చిన కూలీ, దాన్ని భుజం మీంచి దించుకోలేక, "బాబూ, కింద పెట్టించండి, కింద పెట్టించండి" అని మొత్తుకున్నాడు.

ఇంకేముంది. సింహాద్రి దాన్ని ఎంత కింద పెట్టొచ్చో అంత కింద పెట్టాడు. బోల్టులు బిగించి, దాని మీద కాలేసి ఇంకాస్త తొక్కాడు.

అప్పట్నుంచీ ఆ బోటు నీళ్ళలో నాగలి దున్నినట్టు నడిచేది. వెనక ఇంజను నీళ్ళని పట్టుకుని లాగేది, ముందు గుర్రం పళ్ళికిలించేది. బోటు ముందుకి పోవడం కంటే నీళ్ళు పైకి పోవడం ఎక్కువ. అయినా తెడ్లవారికి బోలెడు గర్వం. "ఎక్కినవాళ్ళకి స్నానం కూడా అయిపోతుంది" అనేవాళ్ళు.

అలా ఉండగా బంగారికి సంబంధం వచ్చింది. ఏటికి అవతల ఇసకపర్రలో గరగయ్య అనే పెద్దమనిషి ఉన్నాడు. ఆయనకి లోవకుమారి ఒక్కతే కూతురు. పిల్ల చక్కగా ఉంటుంది, నెమ్మదస్తురాలు, ఎదురు మాట్లాడదు. బంగారి ఒకసారి చేపల రేవులో ఆ పిల్లని చూసి, చేతిలో ఉన్న గంపెడు చేపలూ నీళ్ళలో వదిలేశాడు. అదేంటని అడిగితే, "చూసి నన్ను నేనే మర్చిపోయాను, చేపలెంత" అన్నాడు. ఆ మాట ఒక్కటే అతను జీవితంలో నేరుగా కాకుండా అన్నది.

గరగయ్య తెల్లపంచె కట్టుకుని అబ్బాయి ఇల్లు చూడ్డానికి వచ్చాడు. ముగ్గురన్నదమ్ములూ బోటేసుకుని ఎదురెళ్ళి ఎక్కించుకున్నారు. ఏటి మధ్యకి వచ్చేసరికి ఆయన పంచె ఒంటికి అంటుకుపోయింది, జేబులో చుట్టలు నానిపోయాయి. ఒక బాతు వెనకనుంచి వచ్చి, పక్కనే కాసేపు ఈది, విసుగొచ్చి ముందుకెళ్ళిపోయింది.

ఒడ్డు దిగి పంచె పిండుకుంటూ గరగయ్య నూకాలమ్మతో అన్నాడు, "చెల్లెమ్మా, పిల్లాడు నాకు నచ్చాడు. కానీ మీది లంక. ఆసుపత్రి అవతల ఉంది. రేపు నా కూతురికి నొప్పులొచ్చాయనుకో, ఈ బోటులో ఎక్కిస్తే పిల్లాడు పుట్టి, నడిచి, ఈది అవతలికి వెళ్ళి డాక్టర్ని పిలుచుకురావాలి."

"పోన్లే అన్నయ్యా, మనవడు చురుకైనవాడన్నమాట" అంది నూకాలమ్మ.

గరగయ్య జేబులోంచి నానిన చుట్టలు తీసి ఏట్లో పారేశాడు. "పున్నమికి మీ రేవులో బోటు పందేలున్నాయి కదా. అందులో మీ బోటు అందరికంటే వెనకపడకపోతే పిల్లనిస్తాను. వెనకపడితే మాత్రం ఈ మాట ఇక్కడే వదిలేద్దాం. ఇంజను మరీ కిందకుంది అబ్బాయ్. ముందు దాన్ని ఎత్తండి" అని చెప్పి, వేరే నాటు పడవ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బంగారి అన్నం తినలేదు. "వదిలేద్దాం అన్నాడమ్మా" అని గోడకి తిరిగి కూచున్నాడు. నూకాలమ్మ కంచం వాడి ముందుకి జరిపింది. "ఏడవకురా. ఎత్తమన్నాడు, ఎత్తుదాం. మనింట్లో మోసేవాళ్ళు లేరా?" అంది.

ఎంత ఎత్తాలో గరగయ్య చెప్పలేదు. అందుకని సింహాద్రి పట్నంలో ఉన్న జిలానీకి ఫోన్ చేశాడు. జిలానీ బోటు మెకానిక్. పని మంచిదే, కానీ నోట్లో ఎప్పుడూ కిళ్ళీ ఉంటుంది, మాట అడ్డదిడ్డంగా దొర్లుతుంది.

"భాయ్, ఇంజను ఎంత ఎత్తాలి?"

"ఎంత పైనుంటే బోటు అంత స్పీడు తమ్ముడూ! కానీ..."

"చాలు భాయ్" అని సింహాద్రి ఫోన్ పెట్టేశాడు. తెలివైనవాడికి సగం మాట చాలు కదా.

ముగ్గురూ వెళ్ళి బోల్టులు విప్పి, ఇంజనుని మోసుకొచ్చి ఇంటి డాబా మీద పెట్టారు. మళ్ళీ పరిగెత్తుకెళ్ళి బోటులో కూచున్నారు. బోటు కదల్లేదు.

"ఇంకా పైకెత్తాలేమో" అన్నాడు ఎర్రయ్య.

అంతే. రేవు పక్కన కొబ్బరిచెట్టుకి తాళ్ళు కట్టి, ఇంజనుని మొవ్వు దాకా లాగారు. ఊరంతా చేరింది. నూకాలమ్మ కింద నిలబడి, "ఇంకాస్త, ఇంకాస్త, ఆ గెల పక్కకి జరపండి" అని చెబుతోంది. ఇంజను పైకి ఎక్కి కూచుంది. అన్నదమ్ములు బోటులో కూచున్నారు. అప్పుడే ఆటు మొదలై ఏరు సముద్రం వైపు లాగింది. బోటు తనంతట తానే మెల్లగా కదిలింది.

"నడుస్తోందిరోయ్!" అని ముగ్గురూ గంతులేశారు.

నడిచింది. సముద్రం దాకా నడిచింది. వెనక్కి తిప్పడానికి ఏమీ లేక, దారిన పోయే వలపడవ వాళ్ళు తాడు కట్టి లాక్కొస్తే, పొద్దు వాలేవేళకి ఇంటికి చేరారు.

మర్నాడు జిలానీ వేరే పనిమీద లంకకి వచ్చి, తలెత్తి చూసి, నోట్లో కిళ్ళీ మింగేశాడు.

"అదేంటమ్మా, చెట్టుకి ఇంజను కాసింది?"

"నువ్వు చెప్పిందే నాయనా. పైనుంటే స్పీడన్నావు. స్పీడు బాగానే ఉంది, వెనక్కి రావడమే కుదరట్లేదు" అంది నూకాలమ్మ.

జిలానీ నెత్తి కొట్టుకుని దగ్గరుండి దింపించాడు. ఇంజనుని మళ్ళీ బోటు వెనక తగిలించాడు. సాపైన కర్ర ఒకటి తీసుకుని బోటు అడుక్కి ఆనించి, వెనక్కి చాపి చూపించాడు.

"చూడండి తమ్ముళ్ళూ. ఇదిగో ఈ ఫ్యాను నీళ్ళని తోసి బోటుని నడుపుతుంది. ఇంజను మరీ కిందుంటే దాని ఒళ్ళంతా నీళ్ళని ఈడుస్తుంది, బోటు బరువెక్కుతుంది. మరీ పైకుంటే ఫ్యానుకి నీళ్ళు అందవు, ఇంజను చల్లారడానికీ నీళ్ళు అందవు. మధ్యలో ఒక చోటుంటుంది. ఆ చోటు వెతుక్కోవాలి. ఇప్పుడు కర్రకి సమంగా పెట్టాను. ఇక్కణ్ణుంచి ఒక వేలెడు ఎత్తండి, నడిపి చూడండి. బాగుంటే ఇంకో వేలెడు. నడిపి చూడకుండా మాత్రం రెండో వేలు ఎత్తొద్దు. నాకు బస్సు టైమైంది."

జిలానీ వెళ్ళిపోయాడు. ముగ్గురూ ఒకళ్ళ వేళ్ళు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఎవరి వేలు?" అన్నాడు సింహాద్రి.

"బంగారిది వద్దు. పెళ్ళికొడుకు. ఉంగరం పెట్టాలి" అంది నూకాలమ్మ.

"నేను ఇంజను పట్టుకోవాలి" అన్నాడు సింహాద్రి.

ఇంకేముంది, ఎర్రయ్య మిగిలాడు. సింహాద్రీ బంగారీ ఇంజను పైకెత్తి పట్టుకున్నారు. ఎర్రయ్య వెనక చెక్క మీద చూపుడు వేలు చక్కగా చాపి పెట్టాడు. "దించండి" అన్నాడు. దించారు.

"అబ్బో!"

"సరిగ్గా వేలెడు ఉందా?"

"ఉందిరోయ్! సరిగ్గా ఉంది! ఎత్తండ్రా బాబూ, ఎత్తండి!"

"ఇంకో వేలెడు ఎత్తమంటున్నాడమ్మా" అన్నాడు బంగారి.

"నడిపి చూడకుండా ఎత్తొద్దని జిలానీ చెప్పాడా లేదా?" అని నూకాలమ్మ గదమాయించింది. "ఏరా ఎర్రయ్యా, నీకన్నిటికీ తొందరే. ముందు నడపండి."

అంతే. బోల్టులు బిగించి ఇంజను స్టార్ట్ చేశారు. ఎర్రయ్య వెనక్కి తిరిగి, చెక్కకి అతుక్కుపోయి, వేలు ఇంజను కింద, నోరు ఆకాశం కింద పెట్టుకుని ఏరంతా చుట్టాడు. బోటు నిజంగానే తేలికపడింది. ఆ ఇంజను రొదలో ఎర్రయ్య కేకలు ఒడ్డునున్నవాళ్ళకి పాటలా వినిపించాయి.

"చాలా ఉషారుగా ఉన్నాడే నడిపివాడు" అనుకున్నారు.

తిరిగొచ్చాక ఇంజను ఎత్తారు. ఎర్రయ్య వేలు బయటికి తీసి చూసుకున్నాడు. అది వంకాయలా ఉబ్బి ఉంది.

"బాగా నడిచింది. ఇప్పుడు రెండో వేలెడు. ఎర్రయ్యా, పెట్టు" అన్నాడు సింహాద్రి.

"ఈసారి ఇంకెవరైనా పెట్టొచ్చుగా?"

"నీకు పని అలవాటైంది కదరా. కొత్తవాళ్ళకిస్తే కొలత తేడా వస్తుంది."

ఆ మాట ఎర్రయ్యకి న్యాయంగానే తోచింది. కొలత తేడా రాకూడదు కాబట్టి ఆ వేలే మళ్ళీ పెట్టాడు. కానీ ఇప్పుడది వేలెడు వేలు కాదు, అరటిపండంత వేలు. ఇంజను ఎక్కాల్సిన దానికంటే చాలా పైకి ఎక్కింది. ఈసారి సింహాద్రికి జాలేసి, బోల్టులు బిగించాక వేలు మెల్లగా లాగనిచ్చాడు.

మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళారు. ఇంజను గీ అని కీచుమంది. ఫ్యాను సగం బయటే తిరుగుతోంది. బోటు మాత్రం ఉన్నచోటే కూచుని వణుకుతోంది. సింహాద్రి ఫోన్ తీశాడు.

"భాయ్, అరుస్తోంది గానీ నడవట్లేదు."

"ఫ్యాను గాలిలో తిరుగుతోందా?"

"తిరుగుతోంది భాయ్. మా ఇంట్లో ఫ్యానూ గాలిలోనే తిరుగుతుంది, ఎవరూ తప్పనలేదు."

"తౌబా! ఇంజను పక్కన చిన్న రంధ్రంలోంచి నీళ్ళ ధార రావాలి, వస్తోందా?"

"రావట్లేదు."

"అంటే ఇంజను నీళ్ళు తాగట్లేదు. ఒళ్ళు వేడెక్కిందేమో చూడు!"

సింహాద్రి ముట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుని, "అమ్మా, ఇంజనుకి జ్వరమే! నీళ్ళు కూడా తాగట్లేదట!" అని ఒడ్డుకి కేకేశాడు. ఫోన్ జేబులో పడేశాడు, కట్ చెయ్యకుండానే.

నూకాలమ్మ ముగ్గురు బిడ్డల్ని పెంచిన మనిషి. కంగారు పడలేదు. బోటుని ఒడ్డుకి లాగించి, చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది.

"తాగు నాయనా, రెండు గుక్కలు. మా బంగారి పెళ్ళుంది."

తాగలేదు. మజ్జిగలో ఉప్పేసి తెచ్చింది. తాగలేదు. మిరియాల కషాయం కాచింది. అదీ తాగలేదు. "మొండిఘటం" అని, "జ్వరమొస్తే చలేస్తుందిరా, ముందు దుప్పటి కప్పండి" అంది.

బంగారి తన కొత్త దుప్పటి తెచ్చి ఇంజనుకి మెడదాకా కప్పి, అంచులు లోపలికి దోపాడు. కాసేపటికి దుప్పట్లోంచి పొగ లేచింది.

"ఆవిరి పడుతోంది! జ్వరం దిగిపోతోంది!" అన్నాడు ఎర్రయ్య సంతోషంగా.

ఆ మాట జేబులో ఉన్న ఫోన్లోంచి జిలానీకి వినపడింది. బస్సు కోసం అవతలి రేవులో నిలబడి ఉన్నవాడు, బస్సూ గిస్సూ వదిలేసి, ఎదురుగా ఉన్న పడవలోకి దూకి, "తిప్పు, తిప్పు, అక్కడ మనుషులు ఇంజనుకి వైద్యం చేస్తున్నారు!" అని అరిచాడు. వచ్చీరాగానే ఇంజను ఆపి, దుప్పటి లాగి ఏట్లో పారేశాడు. వాసన చూశాడు. తల పట్టుకున్నాడు. అదృష్టం బాగుండి ఇంజను బతికింది.

"ఇంకో రెండు నిమిషాలుంటే మొత్తం కాలిపోయేది!" అన్నాడు.

"రెండు నిమిషాల్లో నయమైపోయేదంటున్నాడు" అంది నూకాలమ్మ కొడుకులతో.

జిలానీ ఈసారి ఎవర్నీ నమ్మలేదు. ముగ్గుర్నీ దూరంగా కూచోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకోమన్నాడు. తనే కర్ర ఆనించి, కాస్త దించి, తనే నడిపి చూసి, మళ్ళీ వెంట్రుకవాసి ఎత్తి, మళ్ళీ నడిపి, ఆ చోటు పట్టుకున్నాడు. అప్పుడు బోటు నీళ్ళ మీద ఆనీ ఆననట్టు పరిగెత్తింది. వెనక సన్నటి నీటిగీత తప్ప తుంపర లేదు. చూస్తున్న బంగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లోవకుమారి తన ఇంట్లో నడుస్తున్నట్టే అనిపించింది.

జిలానీ స్టీరింగు పక్కన ఒక గుండ్రటి మీటరు కూడా బిగించాడు. "పందెంలో ధార చూస్తూ కూచోలేరు. ఇది నీళ్ళ జోరు చూపిస్తుంది. ఇదిగో ముల్లు. ముల్లు లేచి ఉన్నంతసేపూ భయం లేదు. ముల్లు పడిందా, ఏం చేస్తున్నా సరే, ఆ క్షణం ఇంజను ఆపెయ్యాలి. మళ్ళీ ముల్లు లేచేదాకా ముట్టుకోవద్దు. ఇంకో మాట. ఈ బోటు జోరు మీద ముక్కు పైకి లేపుతుంది. అలా లేస్తే బంగారీ, నువ్వు ముందుకెళ్ళి ముక్కు అదిమి పట్టుకో."

"ఇవి గుర్తుంటాయిలే భాయ్. తేలిక మాటలే కదా" అన్నాడు సింహాద్రి.

పున్నమి వచ్చింది. రేవంతా జనం. మైకులో ఎవరో అరుస్తున్నారు, బజ్జీల పొయ్యిలు వెలిగాయి. పందేనికి నాలుగైదు ఊళ్ళ బోట్లొచ్చాయి. గరగయ్య జనం ముందు వరసలో కుర్చీ వేయించుకుని కూచున్నాడు. ఈసారి పాత పంచె కట్టుకొచ్చాడు.

నూకాలమ్మ కూడా బోటెక్కింది. "పిల్లలు ఆకలికి ఆగలేరు" అని చేపలపులుసు కలిపిన అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుంది.

జెండా ఊపారు. ఇంకేముంది! తెడ్లవారి బోటు ఉన్నచోటునుంచి ఊడిపోయినట్టు ఎగిరింది. మిగతా బోట్లు వెనకెక్కడో దోమల్లా వినపడుతున్నాయి. జనం లేచి నిలబడ్డారు. గరగయ్య కూడా లేచాడు.

జోరుకి బోటు ముక్కు పైకి లేచింది.

"బంగారీ, ముక్కు!" అని అరిచాడు సింహాద్రి.

బంగారి ముందుకి పరిగెత్తి, ఛాతీ విరుచుకుని నిలబడి, తన ముక్కు రెండు వేళ్ళతో గట్టిగా అదిమి పట్టుకున్నాడు. అతని బరువుకి బోటు ముక్కు కూడా దిగింది. "అడ్డయ్యా, దిగింది!" అని ముక్కుతో అరిచాడు. ఒడ్డుమీద గరగయ్య తన పక్కనున్నాయన్ని అడిగాడు, "అల్లుడు ముక్కు మూసుకున్నాడేంటండీ? ఏమైనా వాసనొస్తోందా?"

అవతలి ఒడ్డు దగ్గర మలుపు గుర్తుగా తేలేసిన డ్రమ్ము చుట్టి బోటు వెనక్కి తిరిగింది. గెలుపు గీత కనిపిస్తోంది. ఎదురుగా ఎవరూ లేరు. ఎర్రయ్యకి ఇక పనేం లేదు. వాచిన వేలు పైకెత్తి పెట్టుకుని, మిగిలిన వేళ్ళతో చేపలపులుసన్నం మొదలుపెట్టాడు. మంచి కొరమేను ముక్క. నోట్లోంచి ముల్లు తీశాడు. బోటు చిన్న అలెక్కి దుమికింది. వేళ్ళ మధ్యనుంచి ముల్లు జారింది.

"అన్నయ్యా! ముల్లు పడింది!"

సింహాద్రి మీటరు కూడా చూడలేదు. ఏం చేస్తున్నా సరే, ఆ క్షణం ఆపెయ్యాలి. ఆపేశాడు.

బోటు నీళ్ళ మీద చతికిలబడింది. గీత చేత్తో అందేటంత దగ్గరలో ఉంది. జనం నిశ్శబ్దమైపోయారు. ఆ నిశ్శబ్దంలో నూకాలమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

"ఎక్కడ పడిందిరా?"

"ఇక్కడే, కాళ్ళ దగ్గర."

"వెతకండి! అది లేచేదాకా ముట్టుకోవద్దన్నాడు!"

నలుగురూ బోటులో బోర్లా పడి ముల్లు వెతకడం మొదలుపెట్టారు. ఒడ్డునుంచి జిలానీ గంతులేస్తూ, "పోనివ్వండి! పోనివ్వండి!" అని అరుస్తున్నాడు. ఒక బోటు వాళ్ళని దాటిపోయింది. ఇంకోటి దాటింది. మూడోది దాటుతూ నీళ్ళు కొట్టి వెళ్ళింది. బంగారి ఏడుస్తూ పాకుతున్నాడు. వెనకాల ఇక ఒకే ఒక్క బోటు మిగిలింది, డుగుడుగుమంటూ అదీ వచ్చేస్తోంది. అది కూడా దాటితే లోవకుమారి మాట ఇక్కడే వదిలెయ్యాలి.

"అమ్మోయ్!" అని సింహాద్రి ఎగిరి గంతేశాడు. ముల్లు అతని మోకాలిలో దిగింది.

"దొరికింది! లేచింది! అన్నయ్యతోపాటే లేచింది!" అని ఎర్రయ్య కేక పెట్టాడు.

సింహాద్రి మోకాలిలో ముల్లుతోనే ఇంజను స్టార్ట్ చేశాడు. వెనక బోటు ముక్కు వీళ్ళ బోటు తోక దాకా వచ్చేసింది. తెడ్లవారి బోటు ఒక్క దూకుతో గీత దాటేసింది. చివరి నుంచి రెండోది. జనం నవ్వి నవ్వి ఇసకలో కూలబడ్డారు. జిలానీ మాత్రం నవ్వలేదు. కొత్త కిళ్ళీ నోట్లో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సు వైపు నడిచాడు.

గరగయ్య చాలాసేపు మీసం నిమురుకున్నాడు. ఆయన మాట తప్పే మనిషి కాదు. "చెల్లెమ్మా, వీళ్ళ సంగతి నాకు అర్థం కావట్లేదు. కానీ బోటు పరిగెత్తింది, నా కళ్ళతో చూశాను. నా పిల్ల కష్టంలో ఉంటే ఆ జోరుతో ఏరు దాటిస్తారు. అందరికంటే వెనకా పడలేదు. పిల్లనిస్తాను" అన్నాడు.

బంగారి అక్కడే ఆయన కాళ్ళ మీద పడ్డాడు. నూకాలమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగుతో గరగయ్య కళ్ళూ తుడవబోయింది.

"పదండి, మా ఊరెళ్ళి పిల్లకి మీరే చెప్పండి" అన్నాడు గరగయ్య. అందరూ బోటెక్కారు. ఈసారి తుంపర లేదు, పంచె తడవలేదు. గరగయ్యకి మనసు తేలికై, సీటులో వెనక్కి వాలాడు. ఇసకపర్ర దగ్గరపడింది. అక్కడ ఏరు నడుంలోతే ఉంటుంది. సింహాద్రి జోరు తగ్గించాడు. రేవు మెట్ల మీద లోవకుమారి బిందె పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదిగో, మా ఊరొచ్చేసింది. దిగండి, దిగండి" అన్నాడు గరగయ్య మర్యాదగా.

అంతే. సింహాద్రి స్టీరింగు వదిలేసి దిగాడు. ఎర్రయ్య దిగాడు. బంగారి దిగి తల్లికి చెయ్యిచ్చాడు, నూకాలమ్మ చీర సర్దుకుని దిగింది. నలుగురూ నడుంలోతు నీళ్ళలో బుద్ధిగా నిలబడ్డారు. ఇంజను ఆడుతూనే ఉంది. బోటులో గరగయ్య ఒక్కడే మిగిలాడు.

"అయ్యయ్యో!" అని లేచి, ఏదో ఒకటి పట్టుకుందామని చేతికందిన పిడి లాగాడు. అది జోరు పెంచే పిడి. బోటు ఒక పక్కకి వంగి, రేవు ముందు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

"ఆపండ్రా! ఆపండి!"

"మేం ఆగే ఉన్నాం మావయ్యా!" అన్నాడు బంగారి. "మీరే ఆగట్లేదు!"

గరగయ్య రెండు చుట్లు తిరిగాడు. మూడో చుట్టులో రేవు మెట్ల వైపు వచ్చేసరికి కూతురు కనిపించింది. మెట్ల మీద పడవలు కట్టే పెద్ద మోకు చుట్ట ఉంది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"అమ్మా లోవా! ఆ తాడు విసరవే! తొందరగా విసురు!"

లోవకుమారి తండ్రి మాటకి ఎదురు చెప్పే పిల్ల కాదు. బిందె కింద పెట్టింది. మోకు చుట్ట మొత్తం రెండు చేతులా ఎత్తుకుంది. ఒక కొస ఇటూ మిగలకుండా, ఇంకో కొస అటూ మిగలకుండా చూసుకుని, ఉన్న బలమంతా పెట్టి, చుట్టకి చుట్టా ఏట్లోకి విసిరేసింది. బుడుంగుమని మునిగిపోయింది. చేతులు దులుపుకుని, "విసిరాను నాన్నా!" అంది.

నీళ్ళలో నిలబడ్డ నూకాలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆవిడ మొహం పున్నమి చంద్రుడిలా వెలిగిపోయింది.

"చూశారట్రా! అడగ్గానే మొత్తం ఇచ్చేసింది. ఒక్క మూర కూడా తన దగ్గర దాచుకోలేదు. నూరేళ్ళు వెతికినా మనింటికి ఇంత తెలివైన పిల్ల దొరుకుతుందా?" అని, అప్పుడే ముందునుంచి గిర్రున పోతున్న గరగయ్యకి చెయ్యూపి, "అన్నయ్యా, మాకు పిల్ల నచ్చింది!" అని కేకేసింది.